పెట్ట రూపం, వేటగాడి గొంతు

తెలుగులో ‘దీమం’ అనే మాట ఒకటుంది. ఇప్పుడు దాదాపు మరిచిపోయాం గానీ బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో కనబడుతుంది. తోటి జంతువుల్ని, పక్షుల్ని దగ్గరకి రప్పించటానికి వేటగాళ్ళు మచ్చిక చేసి పెట్టుకున్న జింకనో పిట్టనో దీమం అనేవాళ్ళు. కౌజుపిట్టని పంజరంలో పెట్టి పొద పక్కన ఉంచితే అది కూస్తుంది. ఆ కూత విని బయటి కౌజులు వచ్చి ఉచ్చులో పడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఇది నేరం. పాత మాట పోయింది, దాని స్థానంలో ‘డెకాయ్’ అన్న ఇంగ్లీషు మాట మన దినపత్రికల్లోకి వచ్చి కూర్చుంది. ఆ మాట ఏ వార్తల్లో వస్తుందో చివర చెబుతాను.

దీమం గురించి నన్ను ఆలోచనలో పడేసింది అమెరికాలో వసంతకాలంలో జరిగే అడవి టర్కీ కోళ్ళ వేట. స్త్రీవాద పత్రికలో టర్కీ వేట ఏమిటి అనిపించవచ్చు. కానీ ఆ వేట మొత్తం ఒక ఆడపక్షి రూపం మీద, ఆడపక్షి గొంతు మీద నడుస్తుంది. ఆ రూపాన్ని నిలబెట్టేదీ, ఆ గొంతుతో అరిచేదీ మనిషి. చచ్చేది మగపక్షి. ఒకరి రూపాన్ని వాడుకుని ఇంకొకరిని చంపినప్పుడు మోసం ఎక్కడుంటుంది? ఆ రూపంలోనా, దాని వెనక దాక్కున్న మనిషిలోనా? జవాబు తేలికే అనిపిస్తుంది. అయినా మన కథలూ, మన నుడికారమూ ఎప్పుడూ రూపాన్నే దోషిగా నిలబెడుతూ వచ్చాయి. అందుకే ఈ వేటని కాస్త దగ్గరగా చూడాలని అనుకున్నాను.

వేటగాడు అని రాస్తున్నాను గానీ, నాకు ఈ వేటని చూపించింది ఒక ఆడమనిషి. నేను మిసోరీ రాష్ట్రంలో పాఠాలు చెబుతున్న రోజుల్లో మా లైబ్రరీలో పనిచేసేది ఆవిడ. ముప్ఫై ఏళ్ళుగా వేటాడుతోంది. తాను కొట్టిన పక్షిని తానే శుభ్రం చేసి వండుకుంటుంది. ఆవిడతో రెండుసార్లు దక్షిణ మిసోరీ కొండ అడవుల్లోకి వెళ్ళాను. చూసింది కొంత, ఆవిడ చెప్పగా విన్నది కొంత.

టర్కీలు రాత్రిళ్ళు చెట్ల మీద నిద్రపోతాయి. తెల్లవారుతుండగా పుంజు కొమ్మ మీద నుంచే అరుస్తుంది. గాలి లేని ఉదయమైతే ఆ అరుపు మైలు దూరం దాకా వినబడుతుంది. దాన్ని విని పెట్టలు నడిచి వెళతాయి. వాటి పద్ధతి అది: పుంజు పిలుస్తుంది, పెట్ట వెళుతుంది. వెళ్ళాలా వద్దా అన్నది పెట్ట ఇష్టం. పుంజు తోకని విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకి రాస్తూ ఎంత తిరిగినా, పెట్టకి ఇష్టమైతేనే నేల మీద ఒదిగి కూర్చుంటుంది. పొద్దెక్కాక పెట్ట గూటికి వెళ్ళి గుడ్డు పెడుతుంది. రోజుకొకటి చొప్పున డజను దాకా పెట్టి, ఆ తర్వాత 28 రోజులు పొదుగుతుంది. పొదగటంలోనూ, పిల్లల్ని సాకటంలోనూ పుంజుకి ఏ భాగమూ లేదు. పెట్టలు గూళ్ళకి వెళ్ళిపోయాక పుంజులు ఒంటరిగా తిరుగుతుంటాయి. నడుస్తూ వేటాడేవాళ్ళకి అదే అదను.

గుడారం వేసుకుని పొద్దున్నుంచీ ఒకేచోట కూర్చునే వేటగాళ్ళు వేరే ఉన్నారు. వీళ్ళు ఒకచోట ఉండరు. ఈ పద్ధతిని అక్కడ ‘రన్ అండ్ గన్’ అంటారు. కొండ మలుపుకో వాగు ఒడ్డుకో చేరి ఆగుతారు. చిన్న చెక్కపెట్టె మీద మూతని రాసో, పలక మీద పుల్లతో గీసో, నోట్లో అంగిలికి ఆనించుకున్న రబ్బరు పొరతోనో పెట్ట అరిచినట్టు అరుస్తారు. జవాబు రాకపోతే ఇంకో నాలుగు వందల గజాలు నడిచి మళ్ళీ అరుస్తారు. పుంజు జవాబిచ్చిందంటే ఇక తొందర. వీపు సంచీలోంచి ఫోమ్‌తో చేసిన పెట్ట బొమ్మని మడత విప్పి, ఇరవై గజాల దూరంలో పుల్లకి గుచ్చి నిలబెట్టి, తమ భుజాల కన్నా వెడల్పైన చెట్టు ఒకటి చూసుకుని దానికి ఆనుకుని కదలకుండా కూర్చోవాలి. పొద్దంతా మోస్తూ తిరగాలి కాబట్టి ఒక బొమ్మ, మహా అయితే రెండు.

ఈ బొమ్మల్లోనూ రకాలున్నాయి. మేస్తున్న పెట్ట, తలెత్తి చూస్తున్న పెట్ట, నేల మీద ఒదిగి కూర్చున్న పెట్ట. మూడోది ‘ఒప్పుకున్న’ పెట్ట అన్నమాట. దాని పక్కన ఏడాది వయసు పుంజు బొమ్మ కూడా పెడితే, పెద్ద పుంజు అది చూసి ఓర్వలేక వస్తుంది. వచ్చిన పుంజు ఎదటి పుంజుని ముఖాముఖి ఎదుర్కొంటుంది. అందుకని పుంజు బొమ్మ ముఖం వేటగాడి వైపు తిప్పి పెట్టాలి. అప్పుడు అసలు పుంజు బొమ్మకి ఎదురుగా, తుపాకీకి వీపు చూపిస్తూ నిలబడుతుంది. విప్పిన తోక అడ్డం కాబట్టి దానికి వెనక ఏముందో కనబడదు. ఇంత లెక్క ఉంది ఇందులో.

అసలు బొమ్మ అవసరం ఎందుకు వచ్చింది? పుంజు పిలిస్తే పెట్ట వెళ్ళాలన్నది వాటి పద్ధతి అని చెప్పాను కదా. వేటగాడు దాన్ని తిరగేస్తున్నాడు. పెట్ట పిలుస్తుంటే పుంజు రావాలి. పుంజు కొంతదూరం వస్తుంది, ఆగుతుంది. గొంతు వినబడుతున్న చోట పెట్ట కనబడాలి కదా అని చూస్తుంది. కనబడకపోతే అక్కడే కాసేపు తచ్చాడి వెళ్ళిపోతుంది. ఆ అనుమానం తీర్చటానికే బొమ్మ.

నడుస్తూ చేసే వేటలోని తేడా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఒకేచోట పొద్దున్నే నిలబెట్టిన బొమ్మ దారిన పోయే ఏ పుంజుకైనా పెట్టిన ఉచ్చు. ఫలానా పుంజు కోసం పెట్టింది కాదు. నడిచే వేటగాడి బొమ్మ సంచీలోంచి బయటికి వచ్చేది ఒక పుంజు జవాబిచ్చిన తర్వాతే. అప్పటికే ఆ రెండు గొంతుల మధ్య ఒక మాట నడిచింది. ఇటునుంచి అరిస్తే అటునుంచి పలికింది. ఆ పలికినదాని కోసమే, అది ఉన్న దిక్కు చూసుకునే బొమ్మని నిలబెడతారు. అంటే ఇక్కడ మోసం ఒక సంభాషణలో భాగం. ఎదటివాళ్ళు ఇచ్చిన జవాబునే పట్టుకుని అల్లిన అబద్ధం.

పక్షికి అబద్ధం చెప్పటం అనేది ఒక నైతిక సమస్యేనా అని ఎవరైనా అడగొచ్చు. పక్షికి సత్యం అంటే ఏమిటో తెలియదు, కాబట్టి అసత్యమూ లేదు అని వాదించొచ్చు. ఈ వాదన నాకు మింగుడుపడదు. మాట రాకపోవచ్చు గానీ నమ్మటం పక్షికి తెలుసు. అనుమానించటమూ తెలుసు. అనుమానం లేకపోతే బొమ్మతో పనే లేదు కదా. నమ్మగల ప్రాణిని మోసం చెయ్యటం సాధ్యమే. అది తప్పా కాదా అన్నది తర్వాతి మాట.

పుంజు తెలివితక్కువదని నవ్వుకోవటం కూడా తేలికే. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో మార్టిన్ షైన్, ఎడ్గర్ హేల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఫారంలో పెరిగిన టర్కీ పుంజుల మీద చేసిన పరిశోధన 1965లో ప్రచురితమైంది. పెట్ట నమూనాని పుంజు ముందు పెట్టి, ఒక్కొక్క భాగమే తీసేస్తూ పోయారు. తోక తీశారు, కాళ్ళు తీశారు, రెక్కలు తీశారు. పుంజుల ఉత్సాహం తగ్గలేదు. చివరికి పుల్లకి గుచ్చిన తల ఒక్కటే మిగిలినా దానిచుట్టూ తోక విప్పి తిరిగాయి. తల లేని మొండెం కన్నా మొండెం లేని తలకే ఎక్కువ స్పందించాయి. ఇది చదివినప్పుడు నేనూ నవ్వాను. తర్వాత, మన వీధుల్లో హోర్డింగుల మీద తల కనబడకుండా నడుమో కాళ్ళో మాత్రమే చూపించే ఆడబొమ్మలు గుర్తొచ్చాయి. ముక్కలు చేసిన రూపాన్ని చూపించి సరుకు అమ్మటం ఎవరి పరిశోధన ఫలితమో గానీ, దాని ముందు ఆగే పుంజులు పెన్సిల్వేనియాలో మాత్రమే లేవు.

ఇంకో సంగతి. వసంతకాలం వేటలో చాలా రాష్ట్రాల చట్టాల ప్రకారం రొమ్ము మీద గడ్డం లాంటి కుచ్చు ఉన్న పక్షినే, అంటే మామూలుగా పుంజునే కొట్టాలి. గుడ్లు పెట్టే కాలం కాబట్టి పెట్టకి రక్షణ. ఇది మంచి చట్టమే. అడవులు నరికి, హద్దు లేకుండా చంపి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాలకల్లా చాలా రాష్ట్రాల్లో అడవి టర్కీ లేకుండా చేశారు. 1950ల నుంచి, మొక్కజొన్నలు చల్లి, మేస్తున్న గుంపు మీదకి ఫిరంగి గొట్టాల్లాంటి వాటితో వలలు పేల్చి, పట్టిన పక్షుల్ని అవి లేని చోట్లకి తరలించారు. ఇప్పుడు 60 లక్షల దాకా ఉంటాయని అంచనా. ఆ జాతి తిరిగి బతికింది కూడా ఒక ఎరతోనే అన్నది గుర్తుపెట్టుకోవాలి.

అయితే ఈ చట్టంలో ఒక వింత ఉంది. బతికున్న పెట్టని అది గూట్లో ఉంచి కాపాడుతుంది. అదే సమయంలో దాని బొమ్మని ఆరుబయట నిలబెట్టనిస్తుంది. అసలు పెట్ట పొదలో గుడ్ల మీద కూర్చున్న గంటలోనే దాని రూపం ఇంకోచోట ‘ఒప్పుకుని’ ఒదిగి కూర్చుని ఉంటుంది. ఆ రూపం మీద పెట్టకి ఏ హక్కూ లేదు. ఈ ఏర్పాటు మనకి పరిచయం లేనిదా? ఇంట్లో ఆడపిల్లకి చున్నీ సరిచేసుకోమని చెప్పే సమాజమే వీధిలో ఆడబొమ్మ లేకుండా సబ్బు కూడా అమ్మలేదు. కాపాడటానికీ, వాడుకోవటానికీ మధ్య తగవేమీ లేదని, రెండూ ఒకే చేత్తో జరుగుతాయని మనకి అనుభవమే.

వేటగాళ్ళలో నీతి చర్చ లేదనుకోకూడదు. 1887లో మొదలైన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ లాంటి సంస్థలు ‘ఫెయిర్ చేజ్’ అనే మాటని ప్రచారంలోకి తెచ్చాయి. వేటాడే ప్రాణికి తప్పించుకునే అవకాశం ఉండాలన్నది దాని సారం. స్పానిష్ తత్వవేత్త ఒర్తెగా యి గాసెత్ 1942లో వేట గురించి రాసిన వ్యాసంలో కూడా, వేటగాడు తనకున్న ఆధిక్యాన్ని తానే కొంత వదులుకున్నప్పుడే అది వేట అవుతుందన్న వాదన ఉంది. నీళ్ళ పక్షుల వేటలో బతికున్న బాతుల్ని కట్టేసి ఎరగా వాడటాన్ని అమెరికా ప్రభుత్వం 1935లో నిషేధించింది. అలబామాలో 2022 నుంచి వసంతకాలం వేటలో మొదటి పది రోజులూ టర్కీ బొమ్మలు వాడకూడదన్నారు. బొమ్మ లేకుండా గొంతుతో మాత్రమే పిలిచేవాళ్ళు, బొమ్మ వాడేవాళ్ళని కాస్త చిన్నచూపు చూడటం కూడా ఉంది. మా లైబ్రరీ ఆవిడ బొమ్మ వాడుతుంది. వాడితే పక్షి దగ్గరగా, నిలకడగా నిలబడుతుందనీ, గాయపడి పారిపోయి ఎక్కడో చావకుండా ఒక్క దెబ్బకి పోతుందనీ ఆవిడ వాదన. ఇది తీసిపారేసే మాట కాదు. మోసం బాధని తగ్గిస్తుందంటే, మోసం చెయ్యకపోవటమే గొప్ప అని ఎలా చెప్పగలం?

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇంకో విషయం. కొందరు వేటగాళ్ళు పెట్ట బొమ్మతో ఊరుకోరు. పుంజు తోక ఈకల్ని విసనకర్రలా పట్టుకుని, దాని వెనక నక్కి, పాకుతూ పుంజు మీదకే వెళతారు. ఇంకో మగపక్షి తన హద్దులోకి వచ్చిందని అది కోపంతో ఎదురు పరిగెత్తుకొస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో, ముఖ్యంగా ప్రభుత్వ భూముల్లో దీన్ని నిషేధించారు. పక్షికి అన్యాయమన్న మాట వినబడుతుంది గానీ, పెద్ద కారణం అది కాదు. తోక వెనక ఉన్న మనిషిని ఇంకో వేటగాడు పుంజు అనుకుని కాల్చే ప్రమాదం ఉంది. బొమ్మని మోసుకుంటూ నడిచేటప్పుడు నారింజ రంగు గుడ్డ చుట్టాలనీ, పుంజు తల రంగులైన ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోకూడదనీ వేట పాఠాల్లో మొదటే చెబుతారు. పెట్ట రూపం వెనక దాక్కున్నంతసేపూ వేటగాడికి భయం తక్కువ, ఎందుకంటే పెట్టని ఎవరూ కాల్చరు. చంపదగిన రూపంలోకి తాను దూరినప్పుడే ఆ రూపం ఎంత ప్రమాదమో తెలిసింది. ఏ రూపంలో ఉంటే ఏం జరుగుతుందో ఆ రూపంలో పుట్టినవాళ్ళకి పుట్టినప్పట్నుంచే తెలుసు. మిగతావాళ్ళకి చట్టం చేస్తే గానీ తెలియదు.

స్త్రీవాదులు వేట గురించి ఒకే మాట మీద లేరు. కారొల్ ఆడమ్స్ 1990లో వచ్చిన ‘ద సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్’ పుస్తకంలో, మాంసం అనే మాట వెనక జంతువు ఎలా మాయమవుతుందో, ఆడవాళ్ళ మీద హింస గురించి మాట్లాడేటప్పుడు ఆడవాళ్ళు కూడా అలాగే ఎలా మాయమవుతారో చెప్పింది. మేరీ జైస్ స్టాంజ్ 1997లో ‘వుమన్ ద హంటర్’లో ఇంకో వైపు నుంచి వచ్చింది. ఆమె స్వయంగా వేటాడేది. ఆడది స్వభావరీత్యా అహింసామూర్తి, ప్రకృతికి దగ్గర, కాబట్టి వేటకి పనికిరాదు అనటం కూడా పితృస్వామ్యం అల్లిన కథే కదా అని ఆమె ప్రశ్న. నాకు ఇద్దరి మాటల్లోనూ న్యాయం కనబడుతుంది. మా లైబ్రరీ ఆవిడ చేతిలో తుపాకీ చూసి ‘ఆడదానివై ఉండి’ అనే హక్కు ఎవరికీ లేదు. అలాగని ఆడమనిషి చేసినంత మాత్రాన పెట్ట రూపంతో చేసే మోసం ఇంకో రకం అయిపోదు.

ఆవిడ నన్ను ఒక మాట అడిగింది. నువ్వు థాంక్స్‌గివింగ్ రోజు సూపర్‌మార్కెట్లో కొని తెచ్చే టర్కీ సంగతేమిటి? జవాబు చెప్పటం కష్టమే. ఫారాల్లో పెంచే తెల్ల టర్కీలకి రొమ్ము మాంసం ఎంత పెరిగేలా చేశారంటే అవి సహజంగా జతకట్టలేవు. పెట్టలన్నిటికీ కృత్రిమంగా గర్భధారణ చేస్తారు. అక్కడ పిలుపూ లేదు, జవాబూ లేదు, ఇష్టం అన్న మాటే లేదు. వేటలో పక్షి కోరికని దానిమీదే ప్రయోగిస్తే, ఫారంలో కోరికనే తీసి పారేశారు. ఈ రెండిట్లో వేట ఎంతో మేలని ఆవిడ అంటుంది. నేనూ ఒప్పుకుంటాను. కానీ దానికన్నా ఇది మేలు అన్నది, ఇందులో అడగవలసిన ప్రశ్న లేదనటానికి జవాబు కాదు.

మళ్ళీ మొదటి ప్రశ్నకి వస్తాను. దీమాన్నే ఎందుకు నిందిస్తాం? మనకి తెలిసిన అన్ని దీమాల్లోకీ పెద్దది మాయలేడి. రావణుడు పంపాడు, మారీచుడు వెళ్ళాడు. వాల్మీకంలో మారీచుడు వద్దని ఎంతో చెప్పాడు. వెళ్ళకపోతే రావణుడే చంపుతానన్నాడు. దీమంగా వెళ్ళినవాడే ముందు చచ్చాడు. చస్తూ రాముడి గొంతుతో అరిచాడు. రూపం ఒకరిది, గొంతు ఒకరిది, పని చేయించింది ఇంకొకరు. కానీ తరతరాలుగా మన ఇళ్ళల్లో ఈ కథలో తప్పు ఎవరిదిగా చెబుతారు? బంగారు లేడి కావాలన్న సీతది. నమ్మినవాళ్ళదీ, కోరుకున్నవాళ్ళదీ తప్పు. మోహిని కథలో ఇంకో వైపు చూడండి. అసురుల్ని మోసం చేసింది విష్ణువు. ఆడరూపం వేసుకున్నది ఆయన. ఆడది మాయ అన్న పేరు మాత్రం ఆడవాళ్ళకి మిగిలింది. పెట్ట బొమ్మ సంగతీ ఇంతే. రూపం పెట్టది, ఉద్దేశం వేటగాడిది. పుంజుని పెట్ట పేరు చెప్పి మోసం చేశారు, పెట్ట మాత్రం ఎవరినీ మోసం చెయ్యలేదు.

‘ఎర వేసింది’, ‘వలలో వేసుకుంది’ అని మనం ఎంత సులువుగా అంటాం! అనంతపురం, కడప జిల్లాల కరువు పల్లెల నుంచి ఆడపిల్లల్ని పెద్ద నగరాలకి అమ్మేసిన ఉదంతాల్లో, నమ్మించి తీసుకువెళ్ళింది తరచు ఒక ఆడమనిషి. చాలాసార్లు ఆమె కూడా ఒకప్పుడు అలా అమ్ముడుపోయినదే. మచ్చిక చేసి, తన జాతినే పిలవటానికి వాడే జింక అన్న దీమం అర్థం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఆమెకి బాధ్యత లేదని నేననను. బొమ్మకి లేని బాధ్యత మనిషికి ఉంటుంది. కానీ మన కోపం ఆమె దగ్గర మొదలై ఆమె దగ్గరే ఆగిపోతుంది. కొన్నవాళ్ళ దాకా, నడిపినవాళ్ళ దాకా వెళ్ళదు. ఈ వ్యాపారం కూడా తిరుగుతూ చేసే వేటే. ఎవరు జవాబిస్తారో చూసుకుంటూ ఊరూరా తిరుగుతారు. ఇంట్లో తిండిలేని పిల్ల, ప్రేమగా మాట్లాడేవాళ్ళు లేని పిల్ల పలుకుతుంది. అప్పుడు సంచీలోంచి బొమ్మ బయటికొస్తుంది: ఉద్యోగమో, పెళ్ళో.

అయితే ఎదటి ప్రాణి రూపాన్ని వాడుకోవటమే తప్పా? అలా అనలేను. అమెరికాలో మెయిన్ తీరంలో ఈస్టర్న్ ఎగ్ రాక్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి పఫిన్ పక్షుల్ని 19వ శతాబ్దంలోనే వేటాడి తుడిచిపెట్టారు. 1973లో స్టీఫెన్ క్రెస్ అనే శాస్త్రవేత్త న్యూఫౌండ్‌లాండ్ నుంచి పిల్లల్ని తెచ్చి అక్కడ పెంచటం మొదలుపెట్టాడు. ఎగిరిపోయినవి పెద్దయ్యాక తిరిగి రావాలి. గుంపు లేని చోట అవి దిగవు. 1977లో చెక్క పఫిన్లు చేసి రాళ్ళ మీద నిలబెట్టారు. సముద్రం మీద తిరిగే పఫిన్లు వాటిని చూసి దిగాయి. 1981లో మళ్ళీ అక్కడ గూళ్ళు కట్టాయి. అదీ దీమమే, అదీ అబద్ధమే. దిగిన పక్షి చెక్క పఫిన్‌ని ముక్కుతో పొడిచి చూసి, ఇది పక్షి కాదని తెలుసుకుంటుంది. తెలుసుకున్నాక కూడా దానికి దీవి ఉంది, సముద్రం ఉంది, వెళ్ళిపోవటానికి రెక్కలున్నాయి.

మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోదనటానికీ ఉదాహరణ ఉంది. న్యూజీలాండ్‌లో మానా దీవి మీద గానెట్ పక్షుల్ని రప్పించాలని కాంక్రీటు గానెట్లని నిలబెట్టారు. నైజెల్ అని పేరు పెట్టిన ఒక మగపక్షి వచ్చి, వాటిలో ఒకదానికి గూడు కట్టి, ఏళ్ళ తరబడి దాని పక్కనే ఉండి, 2018లో అక్కడే చనిపోయింది. ఎవరూ దానికి చెడు తలపెట్టలేదు. అయినా ఒక బతుకు బొమ్మ పక్కన గడిచిపోయింది. దీమం నిలబెట్టినవాళ్ళకి ఆ తర్వాత జరిగేదానితో కూడా సంబంధం ఉంటుంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు రెండు ప్రశ్నలు మిగిలాయి. ఎవరి రూపం వాడుకుంటున్నారో వాళ్ళు దానికి ఒప్పుకున్నారా, కాదనగలరా? మోసపోయినవాళ్ళకి నిజం తెలుసుకున్న తర్వాత ఒక ‘తర్వాత’ ఉందా? పఫిన్‌కి ఉంది. టర్కీ పుంజుకి లేదు. బొమ్మ దగ్గరికి వచ్చి, ఇది పెట్ట కాదని తెలిసే క్షణానికి ముందే దాని కథ ముగుస్తుంది. తెలుసుకునే వీలు కూడా లేకుండా చేసే అబద్ధం అన్నిటికన్నా బరువైనదని నేననుకుంటాను. ఒక్క దెబ్బకి పోతుంది కాబట్టి బాధ తక్కువ అన్న మా లైబ్రరీ ఆవిడ మాట నిజమే కావచ్చు. కానీ బాధ, మోసం ఒకే త్రాసులో తూగేవి కావు. బాధ తగ్గించినందుకు మోసం మాఫీ కాదు. ఆవిడకి ఇదే చెప్పాను. తాను తినేదాని గురించి అబద్ధం లేకుండా ఉండటం కోసమే పక్షికి అబద్ధం చెబుతున్నానని నవ్వింది. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

ఇక మన దినపత్రికల్లోని ‘డెకాయ్’ సంగతి. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్, బస్టాపుల్లో, కాలేజీల దగ్గర మఫ్టీలో ఆడపోలీసుల్ని నిలబెట్టి వేధించేవాళ్ళని పట్టుకుంటాయి. లింగ నిర్ధారణ పరీక్షల్ని నిషేధించిన 1994 చట్టం అమలు కోసం గర్భిణుల్ని స్కానింగ్ సెంటర్లకి పంపి డెకాయ్ ఆపరేషన్లు చేస్తారు. రాజస్థాన్‌లో అలా సాయపడిన గర్భిణికి ప్రతిఫలం ఇచ్చే పథకం కూడా ఉంది. ఆడవాళ్ళని మళ్ళీ ఎరగా వాడుతున్నారు కదా అని మనలో కొందరికి ఇబ్బంది ఉంటుంది. నా రెండు ప్రశ్నలూ ఇక్కడ వేస్తే జవాబులు వేరుగా వస్తాయి. ఇక్కడి దీమానికి తాను దీమమని తెలుసు, రానని చెప్పొచ్చు, తర్వాత కోర్టులో నిలబడి తన గొంతుతో మాట్లాడుతుంది. పట్టుబడినవాడికి విచారణ ఉంది, వకీలు ఉన్నాడు, ‘తర్వాత’ ఉంది. పైగా బస్టాపులో వేట కొత్తగా మొదలుపెట్టింది పోలీసులు కాదు. అక్కడ రోజూ నిలబడే ఆడవాళ్ళకి అది ఎప్పట్నుంచో జరుగుతున్నదే.

కానీ ఆ జవాబులు కాగితం మీద ఉన్నంత గట్టిగా నిజంలో ఉన్నాయా అని కూడా అడగాలి. స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళిన గర్భిణి నిజంగా తన ఇష్టంతోనే వెళ్ళిందా, డబ్బు అవసరమో పైఅధికారి మాటో తోసిందా? కేసు ఏళ్ళ తరబడి సాగి, అవతలివాళ్ళు బెదిరిస్తే ఆమెకి తోడెవరు? కడుపులో బిడ్డతో ఆమె నిలబడినప్పుడు తీసిన ఫొటోలు ఎవరి చేతుల్లో ఉన్నాయి? మంచి పని కోసం నిలబెట్టిన దీమాన్ని పని అయ్యాక సంచీలో పెట్టి మరిచిపోతే, ఆ మనిషిని బొమ్మని చేసినట్టే. అందుకే ఏ డెకాయ్ వార్త చదివినా, ఎవరు దొరికారు అన్నది చూశాక, అక్కడ నిలబడిన ఆమె ఆ తర్వాత ఏమైందో కూడా వెతుకుతాను. ఆ వాక్యం చాలా వార్తల్లో ఉండదు.